కత్తి, సగంబ్లేడు, సేఫ్టీ రేజర్: చెన్నై తేమలో ఏది కొనాలి, దాని పదును ఎవరు చూడాలి

పోయిన నవంబర్‌లో నాలుగు రోజులు నెల్లూరు వెళ్ళొచ్చేసరికి బాత్రూం అలమరలో పెట్టిన నా కత్తి అంచు మీద ఆవగింజంత ఎర్రమచ్చ పడి ఉంది. తుడిచే పెట్టాను. కాకపోతే తుడిచింది అప్పుడే స్నానం చేసిన తడి తువ్వాలుతో, పెట్టింది కిటికీ లేని బాత్రూంలో, బయటేమో ఐదు రోజులుగా విడవని ముసురు. గోటితో గీకితే మచ్చ పోయింది గానీ దాని కింద సూదిమొనంత గుంట మిగిలింది. గుంట సరిగ్గా అంచు మీదే ఉంది కాబట్టి అది పోయేదాకా రాయి మీద నూరుతూ ఒక ఆదివారం మొత్తం కూర్చున్నాను. అలాంటిదే ఇంకో కత్తి, ఇద్దరం ఒకేరోజు కొన్నాం, బెంగళూరులో మా బావ దగ్గర ఉంది. ఆయన నాకంటే బద్ధకస్తుడు, అయినా ఆయన కత్తి ఇప్పటికీ అద్దంలా మెరుస్తోంది. "నీకు చేతకాక" అంటాడు. చేతకానితనం కొంత ఉంది, మిగతాది సముద్రం.

ఇంటర్నెట్‌లో కత్తుల గురించి దొరికే సలహాలు ఎక్కువగా చలిదేశాల వాళ్ళు రాసినవి. వాళ్ళకి మన ఉక్కపోత తెలియదు, మన బోరు నీళ్ళు తెలియవు. అందుకని చెన్నైలో ఉండి, కత్తితో గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాలా వద్దా, పెడితే ఏది కొనాలి అని ఊగిసలాడుతున్న మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పేస్తాను: గీసుకోవడం ఎవరైనా రెండు మూడు నెలల్లో నేర్చుకుంటారు, పదును నిలబెట్టే పని ఎవరి నెత్తిన పడుతుందన్నదే అసలు లెక్క. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

ముందు పేర్లు

షాపులో స్ట్రెయిట్ రేజర్ అని అడిగితే రెండు వేర్వేరు వస్తువులు చూపిస్తారు. ఒకటి అసలు కత్తి, మన పెద్దవాళ్ళు మంగలికత్తి అనేవాళ్ళే, అది. ఒకే ఉక్కు ముక్క, మడిచే పిడి, పదును తగ్గితే మళ్ళీ మనమే పెట్టుకోవాలి. రెండోది ఇప్పుడు సెలూన్లలో కనిపించేది. చూడ్డానికి కత్తిలాగే ఉంటుంది గానీ దానికి సొంత అంచు లేదు, మామూలు బ్లేడుని నిలువునా సగానికి విరిచి అందులో దూరుస్తారు. దీన్ని షావెట్ అంటారు, నేను సగంబ్లేడు కత్తి అనే అంటాను. ఇందులోనే కాస్త ఖరీదైన రకం జపాన్ ఫెదర్ కంపెనీ ఆర్టిస్ట్ క్లబ్ లాంటివి, వాటికి మందపాటి ఒంటి అంచు బ్లేడ్లు విడిగా వస్తాయి. ఇక సేఫ్టీ రేజర్ అందరికీ తెలిసిందే, కింగ్ క్యాంప్ జిల్లెట్ 1904లో పేటెంట్ తీసుకున్న రెండంచుల బ్లేడు రేజర్. మన నాన్నల తరం వాడిందీ అదే, దాని బ్లేడ్లు ఇప్పటికీ వీధి చివర కిరాణా కొట్లో దొరుకుతాయి.

ఏమేం చూసుకోవాలి

పదును సంగతి చెప్పాను. తర్వాతది పొద్దున మీ దగ్గర ఎన్ని నిమిషాలున్నాయి. తొమ్మిదింటికి కంపెనీ బస్సు పట్టుకోవాల్సినవాళ్ళు, ఇంట్లో నలుగురికి ఒకే బాత్రూం ఉన్నవాళ్ళు కత్తి కొంటే అది ఆదివారం కత్తి అవుతుంది, ఆ మాట కొనేముందే ఒప్పుకోవడం మంచిది. తప్పు జరిగితే ఎంత తెగుతుందన్నది ఇంకోటి. షుగర్ ఉన్నవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, చేయి వణికేవాళ్ళు కత్తుల వైపు చూడకుండా నేరుగా సేఫ్టీ రేజర్ దగ్గరికి వెళ్ళిపోండి, అది కూడా డాక్టర్‌ని ఒక మాట అడిగి. మొటిమలు పచ్చిగా ఉన్నవాళ్ళు అవి తగ్గేదాకా ఆగండి. నెలలో సగం రోజులు విమానాల్లో తిరిగేవాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోవాలి: కత్తి గానీ బ్లేడు గానీ చేతి సంచిలో ఎక్కనివ్వరు, చెకిన్ బ్యాగులోనే వెయ్యాలి.

డబ్బు గురించి అందరూ ముందు అడుగుతారు, నేను చివర పెడతాను. ఎందుకంటే ఇక్కడ కొనే ఖర్చుకీ నడిపే ఖర్చుకీ పొంతన ఉండదు.

| | పదును ఎవరి పని | మొదటి ఖర్చు | తర్వాతి ఖర్చు | పొద్దున సమయం | తేమలో |
|---|---|---|---|---|---|
| అసలు కత్తి | పూర్తిగా మీదే | వేలల్లో, జర్మన్‌వైతే ఇంకా పైకి | రాళ్ళు కొంటే తప్ప దాదాపు సున్నా | 25 నిమిషాలు, మొదట్లో 40 | జాగ్రత్త లేకపోతే తుప్పు |
| సగంబ్లేడు కత్తి | బ్లేడు కంపెనీది | వందల్లో | గడ్డానికి సగం బ్లేడు | 15 నుంచి 20 | బెంగ లేదు |
| ఫెదర్ తరహా | బ్లేడు కంపెనీది | కొన్ని వేలు | బ్లేడ్లు ఖరీదు, ఆన్‌లైన్‌లోనే ఎక్కువ | 15 నుంచి 20 | బెంగ లేదు |
| సేఫ్టీ రేజర్ | బ్లేడు కంపెనీది | కొన్ని వందల నుంచి | చాలా తక్కువ | 10 | బెంగ లేదు |

సేఫ్టీ రేజర్: చాలామంది ఇక్కడే ఆగిపోవచ్చు

నిజం చెప్పాలంటే, నన్ను అడిగేవాళ్ళలో ఎక్కువమంది బాధ కార్ట్రిడ్జ్‌ల ధర, లేదా మెడ మీద లేచే ఎర్రటి పొక్కులు. ఆ రెండింటికీ కత్తి అవసరం లేదు. మూడు బ్లేడ్లు, ఐదు బ్లేడ్లు వరసగా ఉన్న కార్ట్రిడ్జ్‌లో ముందు బ్లేడు వెంట్రుకని కాస్త పైకి లాగుతుంది, అది లోపలికి జారేలోపు వెనకది కోసేస్తుంది. తెగిన మొన చర్మం మట్టానికి కిందికి పోతుంది, ఉంగరాల గడ్డమైతే పెరిగేటప్పుడు పక్కకి తిరిగి చర్మంలోనే గుచ్చుకుంటుంది. ఒకసారికి ఒక్క అంచే తగిలేలా గీస్తే ఈ గొడవ బాగా తగ్గుతుంది, ఆ అంచు కత్తిదైనా రెండు మూడు రూపాయల బ్లేడుదైనా. నాలుగైదు గడ్డాలకి బ్లేడు మార్చేస్తే చాలు, తుప్పు పట్టేంత టైం కూడా దానికి ఇవ్వం.

దీనితో మీ సమస్య తీరిపోతే కిందది చదవకపోయినా నష్టం లేదు. కత్తి మీద మోజు ఉండి వచ్చినవాళ్ళు మాత్రం చదవండి, మోజు తప్పేం కాదు, నాకూ అంతే.

సగంబ్లేడు కత్తి: చవక, కానీ కత్తికి చిన్నతమ్ముడేం కాదు

మా వీధి చివర సెలూన్ అన్నకి యాభై దాటాయి. ఆయన కుర్చీ పక్కన గోడకి మేకు కొట్టి ఒక తోలు పట్టీ ఇప్పటికీ వేలాడుతూ ఉంటుంది, నల్లగా నిగనిగలాడుతూ, మధ్యలో కాస్త గుంట పడి. వాళ్ళ నాన్నదట. దాన్ని వాడవా అని అడిగితే నవ్వాడు. "కొత్త బ్లేడు కస్టమర్ కళ్ళముందే విప్పాలి తంబీ, లేకపోతే కుర్చీలోంచి లేచిపోతారు" అన్నాడు తమిళంలో. లేచిపోవడమే మంచిది కూడా. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ లాంటివి రక్తం అంటిన అంచు నుంచి ఇంకొకరికి వెళ్ళే ప్రమాదం ఉంది కాబట్టే సెలూన్లు మనిషికో బ్లేడుకి మారాయి. ఇంట్లో కూడా అంతే, అన్నదమ్ములైనా ఎవరి కత్తి వాళ్ళదే.

బ్లేడు విరవడం తేలిక. కాగితం విప్పకుండానే నిలువుగా మడిస్తే మధ్యకి టక్కుమని విరుగుతుంది. పిడిలోకి ఎక్కించేటప్పుడు రెండు చివర్లు సమంగా కూర్చున్నాయో లేదో చూడండి, ఒక మూల ఒక వెంట్రుకవాసి బయటికి ఉన్నా చెంప మీద అదే గీత గీస్తుంది.

ఇప్పుడు నా ఫిర్యాదు. "ముందు దీంతో ప్రాక్టీస్ చేసి తర్వాత అసలు కత్తి కొనండి" అని అందరూ చెప్తారు, నేనూ అలాగే చేశాను, మూడు వారాలు గడ్డం కింద ప్లాస్టర్‌తో ఆఫీసుకి వెళ్ళాను. ఈ బ్లేడు మందం మిల్లీమీటర్‌లో పదోవంతు, కత్తి బరువు అసలే లేదు, కోణం కాస్త తప్పితే వెంటనే కరుస్తుంది. అసలు కత్తికి బరువుంది, ఆ బరువే పని చేస్తుంది, మన చేయి దారి చూపిస్తే చాలు. ఇందులో పని మొత్తం చేతిదే, కొత్తవాడికి చేయి ఎప్పుడూ ఎక్కువే నొక్కుతుంది. కత్తి నేర్చుకోవడానికి దీన్ని కొనకండి. దీని కోసమే దీన్ని కొనేవాళ్ళు వేరే ఉన్నారు: గడ్డం పెంచుకుని, చెంప మీదా మెడ మీదా గీత మాత్రం శుభ్రంగా ఉండాలనుకునేవాళ్ళు. ఓఎంఆర్‌లో, అంటే చెన్నై ఐటీ కంపెనీల రోడ్డులో, మనవాళ్ళలో సగంమంది ఇప్పుడు ఆ అవతారమే. గీత తీర్చడానికి ఇంతకంటే మంచి పనిముట్టు లేదు, సేఫ్టీ రేజర్ తల అడ్డొచ్చి ఎక్కడ కోస్తున్నామో కనపడదు.

వాడేసిన సగాలని చెత్తబుట్టలో వదులుగా వెయ్యకండి, ఆ సంచి ఎత్తేది ఒక మనిషి చేయి. పాత టిన్ను డబ్బాకి మూతలో చీలిక పెట్టి కిడ్డీ బ్యాంకులా అందులో వేస్తూ ఉంటే ఏళ్ళ తరబడి నిండదు. నిండాక టేపు వేసి, పైన బ్లేడ్లు అని రాసి విడిగా ఇవ్వండి.

ఫెదర్ తరహావి సగంబ్లేడుకీ అసలు కత్తికీ మధ్యలో ఉంటాయి. బ్లేడు మందంగా ఉండి వంగదు, బరువు కూడా కాస్త ఉంటుంది. పదును మాత్రం మామూలు బ్లేడుని మించి ఉంటుంది, కొత్తవాళ్ళకి అదే గండం. డబ్బుంది, నూరే ఓపిక లేదు, చేయి ఇప్పటికే కుదిరింది అనుకునేవాళ్ళకి.

అసలు కత్తి

కొనేటప్పుడు నాలుగు విషయాలు అడుగుతారు: వెడల్పు, పలక, మొన, ఉక్కు.

వెడల్పుని అంగుళంలో ఎనిమిదో వంతుల్లో చెప్తారు. 5/8 అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు. 4/8 ముక్కు కింద బాగా తిరుగుతుంది గానీ నురగ ఇట్టే నిండిపోతుంది, 7/8 చేతిలో గొడ్డలిలా అనిపిస్తుంది. మొదటిది 5/8 లేదా 6/8 తీసుకోండి, దీనికి ఇంతకంటే ఆలోచన అక్కర్లేదు. మొన గుండ్రంగా ఉన్నదే తీసుకోండి. చతురస్రంగా కోసిన మొన మీసం కింద గీత తీర్చడానికి బాగుంటుంది, మొదటి నెలలో అది తీర్చేది మీ చెవి తమ్మెని.

పలక అంటే వెన్ను (అంచుకి ఎదురుగా ఉండే మందపాటి వైపు) నుంచి అంచు దాకా రెండు వైపులా ఉక్కుని ఎంత లోపలికి తొలిచారన్నది. బాగా తొలిచినది అంచు దగ్గర కాగితంలా పలచగా ఉండి, గీస్తుంటే సన్నగా జరజరమని మోగుతుంది. ఆ చప్పుడు కొత్తవాళ్ళకి గురువు: కోణం కుదిరినప్పుడు ఒకలా, తప్పినప్పుడు ఇంకోలా వినిపిస్తుంది. తక్కువ తొలిచినది గట్టిగా ఉండి మొండి గడ్డానికి ఆగుతుంది, చప్పుడు చెయ్యదు, నూరడానికి ఉక్కు ఎక్కువ కాబట్టి శ్రమ కూడా ఎక్కువ. నా ఓటు బాగా తొలిచినదానికే.

ఉక్కు దగ్గర మాత్రం చెన్నైవాళ్ళూ బెంగళూరువాళ్ళూ విడిపోతారు. కార్బన్ ఉక్కు రాయి మీద తొందరగా లొంగుతుంది, చేత్తో నూరడం నేర్చుకోవాలంటే అదే హాయి. కానీ తడి తగిలితే తుప్పు, ఉప్పుగాలి తగిలితే ఇంకా తొందరగా తుప్పు. స్టెయిన్‌లెస్ రాయి మీద మొండికేస్తుంది, రెట్టింపు సేపు నూరించుకుంటుంది, కానీ ఒకరోజు మర్చిపోయినా క్షమిస్తుంది. పేరు స్టెయిన్‌లెస్ అయినా పూర్తిగా తుప్పు పట్టదని కాదు, అంచు దగ్గర దానికీ మచ్చలు పడతాయి, కాకపోతే నెమ్మదిగా. బెంగళూరు సముద్రానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పొడి, అక్కడివాళ్ళు కళ్ళు మూసుకుని కార్బన్ కొనుక్కోవచ్చు. బీసెంట్ నగర్‌లోనో తిరువాన్మియూర్‌లోనో బాల్కనీ నుంచి సముద్రం కనపడే ఇంట్లో ఉన్నవాళ్ళు స్టెయిన్‌లెస్‌కే వెళ్ళండి. నాలా లోపలివైపు ఉండి, కత్తిని పడకగది అలమరలో పెట్టుకుంటామని ఒట్టు పెట్టుకోగలిగినవాళ్ళకి కార్బన్ ఫర్వాలేదు. నేను ఆ ఒట్టు నవంబర్ తర్వాత పెట్టుకున్నాను.

కొత్తదా పాతదా అన్నది ఇంకో పెద్ద చర్చ. కొత్తవాటిలో జర్మనీ సోలింగెన్‌లో తయారయ్యేవి, ఫ్రాన్స్‌లో థియర్ ఊరివి పేరున్నవి, డోవో లాంటి సోలింగెన్ కంపెనీలు నూరేళ్ళకి పైగా ఇదే పని చేస్తున్నాయి. ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకి డమాస్కస్ (అలలు అలలుగా గీతలుండే ఉక్కు) అని చెక్కుడు పిడితో మెరిసిపోయేవి కత్తి ఆకారంలో ఉన్న బొమ్మలు, వాటి ఉక్కు పదును పట్టదు. నేను మొదట కొన్నది అదే. అమ్మినతను "పెట్టె తీసి గీసుకోవచ్చు" అని రాశాడు, నేను పెట్టె తీసి గీసుకున్నాను, అది నా చెంప మీద వెంట్రుకల్ని కొయ్యకుండా పీకింది. మంచి కత్తి కొన్నా సరే, ఫ్యాక్టరీ పదును మీద గీసుకోవడానికి పనికొస్తుందని నమ్మకండి, చేత్తో నూరి పరీక్షించి పంపేవాళ్ళ దగ్గర కొనడానికి కాస్త ఎక్కువైనా పెట్టండి. కొత్తవాళ్ళు చాలామంది వదిలేసేది చేతకాక కాదు, వాళ్ళ చేతిలో పడ్డ కత్తికి ఏ రోజూ పదును లేక.

పాతవి, తాతల పెట్టెల్లోంచి వచ్చేవి, పిడి దగ్గర మెడ మీద సోలింగెన్ అనో, ఇంగ్లండ్‌లో కత్తులకి పేరున్న షెఫీల్డ్ అనో అచ్చు ఉంటే సంతోషించండి, కానీ వెంటనే కాదు. కిటికీ వెలుతురులో అంచు మొత్తం చూడండి. పలక మీద నల్లమచ్చలు ఉన్నా ఫర్వాలేదు, అంచు మీద గుంటలుంటే కష్టం, సన్నని పగులు కనిపిస్తే ఆ కత్తి గోడకి తగిలించుకోవడానికే. అద్దం ముక్క మీద పడుకోబెట్టి వెన్నూ అంచూ రెండూ పూర్తిగా ఆనుతున్నాయో చూడండి, ఊగితే వంకర పోయినట్టు. పిడి పాత సెల్యులాయిడ్‌దైతే ఇంకో చిక్కు, అది కుళ్ళేటప్పుడు వదిలే ఆవిరి తన పక్కనున్న ఉక్కునే తినేస్తుంది, అలాంటివి పిడి మార్చకుండా ఉంచుకోవద్దు. అప్పట్లో కలిగినవాళ్ళు రోజుకొకటి చొప్పున ఏడు కత్తులుండే పెట్టె కొనేవాళ్ళు, ఒక్కోదాని వెన్ను మీద ఒక్కో రోజు పేరు. మన జేబుకి ఒకటి చాలు.

తోలు పట్టీ: ఇక్కడ చెన్నైవాళ్ళకి అదృష్టం

కత్తి వాడే ప్రతిసారీ ముందు తోలు మీద రుద్దాలి. రుద్దితే ఉక్కు అరగదు, గీసినప్పుడు అటూ ఇటూ ఒరిగిన అంచు నిటారుగా నిలబడుతుంది, రాత్రికి రాత్రి పట్టిన సన్నటి మురికి పోతుంది. బట్ట మీద ఇరవై సార్లు, తోలు మీద యాభై సార్లు అటూ ఇటూ. మూడు నాలుగు నిమిషాల పని.

రెండు రకాలున్నాయి. వేలాడే పట్టీ ఒక చివర కొక్కేనికి తగిలించి ఇంకో చివర చేత్తో బిగించి పట్టుకోవాలి, సడలితే తోలు అంచు చుట్టూ వంగి పదునుని గుండ్రంగా చేసేస్తుంది. రెండోది చెక్కకి అతికించిన తోలు, బల్ల మీద పెట్టి రుద్దొచ్చు, సడలే ప్రశ్నే లేదు. కొత్తవాళ్ళకి రెండోదే. పైగా మొదటి నెలలో తోలుని ఎక్కడో ఒకచోట కోసేస్తారు, అందరూ కోస్తారు, అందుకని ఖరీదైనది ఇప్పుడే వద్దు.

పెరియమేడు తోలు షాపుల్లోకి వెళ్ళి, రంగు పూత లేని, చెట్టుబెరడుతో పదును చేసిన తోలు కావాలని అడగండి, మూడంగుళాల వెడల్పు, అడుగున్నర పొడుగు ముక్క, చదునైన చెక్కకి జిగురుతో అతికించుకుంటే పని అయిపోయింది. తోలుకి పదును అన్న మాట ఊరికే అనలేదు. తోళ్ళు పదును చెయ్యడం అని మనవాళ్ళు ఎప్పటినుంచో అంటారు, ఈ వైపు ఆ పనికి పాతకాలం నుంచీ వాడిన బెరడు మన తంగేడుది, బతుకమ్మలో పేర్చే ఆ పసుపుపూల చెట్టే. వాన పడితే నేలకి పదును, బెరడు పడితే తోలుకి పదును, ఆ తోలు మీద రుద్దితే కత్తికి పదును.

కదలిక ఒక్కటి ఒంటబట్టాలి. తోలు మీద వెన్ను ముందు నడుస్తుంది, అంచు వెనక వస్తుంది. చివరికి వెళ్ళాక కత్తిని వెన్ను మీద దొర్లించి తిప్పాలి, అంచు మీద తిప్పితే తోలూ పోతుంది అంచూ పోతుంది. సెలూన్ అన్న ఇది నాకు కత్తి లేకుండానే చూపించాడు, దువ్వెన వెన్ను అరచేతి మీద ఆనించి అటూ ఇటూ, మణికట్టు కదలదు, బొటనవేలూ చూపుడువేలూ మధ్య దువ్వెన మాత్రం గిర్రున తిరుగుతుంది. ముప్పై ఏళ్ళుగా ఆ పట్టీ ముట్టుకోలేదంటాడు, చేయి మాత్రం మర్చిపోలేదు. ఇంటికొచ్చి వెన్నకత్తితో వారం రోజులు అదే పని చేశాను.

వానాకాలంలో తోలుకి బూజు పడుతుంది. పట్టీని కూడా బాత్రూంలో ఉంచొద్దు, రోజూ వాడేముందు శుభ్రమైన అరచేత్తో నాలుగుసార్లు గట్టిగా రుద్దితే చాలు.

రాయి: మీరే నూరతారా, ఎవరికైనా ఇస్తారా

తోలు ఎంత బాగా వాడినా రోజు మార్చి రోజు గీసుకునేవాళ్ళకి కొన్ని నెలలకి కత్తి లాగడం మొదలుపెడుతుంది. అప్పుడు దారులు మూడు.

మీరే నూరడం. నీటి రాళ్ళు 1000, 4000, 8000, 12000 అని అంకెలతో వస్తాయి, అంకె పెరిగేకొద్దీ నునుపు. అంచు విరిగితేనో గుంట పడితేనో 1000 నుంచి మొదలు, మామూలు నూరుడికి 8000, ఆపైన 12000 చాలు. ఇక్కడ కదలిక తోలుకి తలకిందులు: అంచు ముందు నడవాలి, వెన్నూ అంచూ రెండూ రాయికి ఆని ఉండాలి, కోణం వెన్నే చూసుకుంటుంది. రాయి మధ్యలో గుంట పడితే కత్తి కూడా వంకర తిరుగుతుంది కాబట్టి రాయిని కూడా అప్పుడప్పుడు చదును చెయ్యాలి. రాళ్ళ ఖర్చు కత్తి ధరకి దగ్గరగా వస్తుంది. ఇష్టం ఉన్నవాళ్ళకి ఇది గడ్డం కంటే పెద్ద వ్యసనం.

రెండోది, నూరడం తెలిసినవాళ్ళకి కొరియర్‌లో పంపడం. ఏడాదికి మూడు నాలుగుసార్లు, కత్తి లేని ఆ వారం పది రోజులు సేఫ్టీ రేజర్. ఒక్క కత్తి ఉన్న ఉద్యోగస్తులకి ఇదే నయం.

మూడోది వాయిదా. ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ పూత విడిగా ఒక బట్ట పట్టీకి రాసుకుని, లాగుతోందనిపించినప్పుడు పదిసార్లు రుద్దితే ఇంకొన్ని వారాలు నెట్టుకొస్తుంది. రోజువారీ తోలుకి మాత్రం ఇది పుయ్యకండి.

నాలుగో దారి కూడా ఉంది, అది దారి కాదు. సైకిల్‌కి చక్రం కట్టుకుని "సానై పిడిక్కిరదూ" అని వీధిలో వస్తారే, కూరగాయల కత్తి ఇవ్వండి, కత్తెర ఇవ్వండి, ఈ కత్తి మాత్రం చూపించను కూడా చూపించకండి. ఆ చక్రం వేడికి పలచటి అంచు మెత్తబడిపోతుంది, వెన్ను కోణం పోతుంది, ఇరవై రూపాయలకి పదివేల కత్తి పోతుంది.

గీసుకున్నాక

ముందు పలకని కడగండి, మేకు ఉన్న మడత దగ్గరికి నీళ్ళు పోనివ్వకుండా. పొడి టిష్యూతో వెన్ను వైపు నుంచి అంచు వైపుకి తుడవండి, అడ్డంగా లాగితే టిష్యూతో పాటు వేలు కూడా తెగుతుంది. అరగంట సగం తెరిచి ఫ్యాన్ కింద ఉంచండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాడినా వాడకపోయినా ఒక చుక్క కుట్టుమెషీన్ నూనె పలుచగా రాయండి, మళ్ళీ వాడేముందు తుడిచెయ్యండి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె రాస్తారు, అది కొన్నాళ్ళకి ముక్క వాసన వస్తుంది. బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు పారెయ్యకుండా కత్తి డబ్బాలో వేసుకోండి. తోలు సంచిలో మాత్రం దాచొద్దు, తోలు తేమని పట్టి ఉంచుతుంది.

నీళ్ళ సంగతి కూడా ఇక్కడే. బోరు నీళ్ళతోనో ట్యాంకర్ నీళ్ళతోనో నురగ రాకపోతే సబ్బుని తిట్టకండి, ఒక గ్లాసు ఆర్వో నీళ్ళతో బ్రష్ తడిపి చూడండి. కత్తికి నురగ పలుచగా కాకుండా పెరుగులా ఉండాలి, మొహం రెండు మూడు నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళలో నానాలి. నానిన వెంట్రుక మెత్తగా తెగుతుంది, నానని వెంట్రుక మీద ఏ పదునూ ఎక్కువ కాలం నిలవదు.

మొదటి నెల

కత్తి కొన్నవాళ్ళు మొదటి వారం చెంపలు మాత్రమే గీసుకోండి, గడ్డం, మూతి, మెడ పాత రేజర్‌తో. చర్మాన్ని రెండో చేత్తో పైకి లాగి బిగించాలి. కత్తి వెన్నుకీ చెంపకీ మధ్య వెన్ను మందం, మహా అయితే రెండు వెన్నుల మందం సందు ఉంటే చాలు. వెంట్రుక వాలు వెంటే గీయండి, ఎదురు గీయడం మూడో నెల మాట. కత్తి అంచు దిశలోనే జరగాలి, కూరగాయలు కోసినట్టు పక్కకి జరిగితే చర్మం చీలుతుంది, నాకు తగిలిన గాట్లన్నీ అలాంటివే. ఎడమ చెంపకి ఎడమ చేయి వాడడం మొదట నవ్వొస్తుంది, రెండు వారాల్లో అలవాటవుతుంది.

ట్యాప్‌కి తగిలితే అంచు పెచ్చు లేస్తుంది, సింకులో ఒక తువ్వాలు పరిచి పెట్టుకోండి. జారి పడితే పట్టుకోవద్దు, చేతులు వెనక్కి తీసి పడనివ్వండి. అయ్యాక తడి మొహం మీద పటిక రుద్దండి, ఎక్కడ చురుక్కుమంటే అక్కడ ఎక్కువ నొక్కారన్నమాట, రేపు అక్కడ తగ్గించండి.

ఎవరికి ఏదంటే: పొద్దున పది నిమిషాలే ఉన్నవాళ్ళకి, పొక్కుల బాధ ఉన్నవాళ్ళకి సేఫ్టీ రేజర్. గడ్డం ఉంచి గీతలు తీర్చుకునేవాళ్ళకి సగంబ్లేడు. పీజీలో ముగ్గురితో బాత్రూం పంచుకునే కుర్రాళ్ళకి కూడా అసలు కత్తి ఇప్పుడే వద్దు, తోలు ఎక్కడ పెడతారు, పైగా ఎవడో ఒకడు దాంతో పార్సిల్ విప్పుతాడు. వారానికి రెండు మూడుసార్లు గీసుకుంటూ, చేతిపని అంటే ఇష్టం ఉండి, ఒక ఆదివారం పోయినా ఏడవనివాళ్ళకి అసలు కత్తి: 5/8, గుండ్రటి మొన, బాగా తొలిచిన పలక, సముద్రం దగ్గరైతే స్టెయిన్‌లెస్.

మా బావ పోయిన నెల పెళ్ళికని చెన్నై వచ్చాడు, కత్తి కూడా తెచ్చుకున్నాడు, మొదటి రోజు నా అలమర చూసి, డబ్బాలో పొట్లాలు చూసి బాగానే నవ్వాడు. తనది బాత్రూం కిటికీ గట్టు మీదే పెట్టుకున్నాడు. మూడో రోజు పొద్దున లోపలినుంచి కేక వినిపించింది: "ఒరేయ్, నీ మెషీన్ నూనె ఎక్కడ పెట్టావురా?"